ఇందిరానగర్ చాక్లెట్ దుకాణంలో ఏలూరు కోకో

బెంగళూరు ఇందిరానగర్‌లో వంద అడుగుల రోడ్డు నుంచి లోపలికి తిరిగితే, ఒక పాత ఇంటి కింది అంతస్తులో చిన్న చాక్లెట్ దుకాణం ఉంది. గింజలు ఏరడం దగ్గర నుంచి కాగితం చుట్టడం వరకు పనులన్నీ అక్కడే, వెనక గదిలో జరుగుతాయి. ఏడాదిగా నెలకు ఒకటి రెండు సార్లు వెళ్తున్నాను కనుక దాని బాగోగులు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇందులో ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. ఆ వైపు నడిచేవారికి వేయించిన కోకో వాసనే దారి చూపిస్తుంది.

నన్ను మొదట అక్కడికి లాగింది రుచి కాదు, అట్ట మీద అచ్చయిన 'ఏలూరు జిల్లా' అన్న రెండు మాటలు. మాది ఆ జిల్లాలోని పెదవేగి వైపు. దేశంలో కోకో ఎక్కువగా పండే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, అందులోనూ కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో అంతర పంటగా అది విరివిగా పెరిగేది మా ప్రాంతంలోనే. చిన్నప్పుడు కాయ పగలగొట్టి, గింజల చుట్టూ ఉండే తెల్లటి తీపి గుజ్జు చప్పరించి గింజను ఉమ్మేసేవాళ్లం. ఆ ఉమ్మేసిన గింజే చాక్లెట్ అవుతుందని నాకు తెలిసేసరికి కాలేజీకి వచ్చాను. పుట్టినరోజులకు మా ఇంట్లో కొన్న చాక్లెట్లు మాత్రం ఎక్కడో తయారై, ఏలూరు బజారు మీదుగా మా ఊరికి వచ్చేవి. ముడిసరుకు పండే చోటే తయారైన సరుకును బయటి నుంచి కొనుక్కోవడం దేశాల మధ్య కూడా నడిచే వ్యవహారమే. ఈ దుకాణం నాకు నచ్చడానికి పెద్ద కారణం, ఆ వ్యవహారం ఎందుకు అలా నడుస్తుందో అక్కడి అద్దాల గదిలో కళ్లారా చూడవచ్చు.

ఈమధ్య మా మేనమామ కంటి పరీక్షకని ఊరి నుంచి వస్తే ఆయనను కూడా తీసుకెళ్లాను. పదిహేనేళ్లుగా కోకో పండిస్తున్న మనిషి. చక్కెర వ్యాధి ఉండడంతో రుచి చూడడానికి ఇచ్చిన ముక్కలను ముట్టుకోలేదు. దానికి బదులు ఒక గింజ ఇమ్మని అడిగి, జేబులోని చిన్న కత్తితో నిలువుగా కోసి, వెలుగులో పెట్టి చూశారు. లోపల గోధుమ రంగు తిరిగి, మెదడులా ముడతలు పడి ఉంది. "పులియబెట్టడం బాగా కుదిరింది. ఊదారంగు మిగిలితే గింజ వగరుగా ఉంటుంది," అన్నారు. కోసిన కాయల నుంచి తీసిన పచ్చి గింజలను అయిదారు రోజులు గుజ్జుతో సహా పులియనిచ్చి, తరువాత ఎండలో తేమ ఏడు శాతానికి దిగేవరకు ఆరబెట్టడం రైతు చేతిలోని పని. చాక్లెట్‌కు వచ్చే వాసనలో సగం ఆ పులియబెట్టే పెట్టెల్లోనే పుడుతుంది.

అద్దం వెనక ఆరు గ్రైండర్లు తిరుగుతున్నాయి. మామయ్య వాటిని కాసేపు చూసి, కౌంటరు దగ్గర ఉన్న హిందూపురం అమ్మాయిని అడిగారు.

"ఇది ఇడ్లీ పిండి రుబ్బేదే కదమ్మా?"

"అదేనండీ, కోయంబత్తూరు నుంచి తెప్పించారు. పిండికయితే అరగంట చాలు, దీనికి రెండు రోజులు ఆపకుండా తిరగాలి. అందుకని మోటారు, బెల్టు మార్చి ఇచ్చారు."

అమ్మాయి చెప్పింది నిజమే, పైగా ఆ కథ అక్కడితో ఆగలేదు. 2000ల దశకంలో అమెరికాలో ఇళ్లలోను, చిన్న గదుల్లోను చాక్లెట్ చేయడం మొదలుపెట్టిన వాళ్లకు యూరప్ యంత్రాలు కొనే స్తోమత లేకపోయింది. వాళ్లకు దొరికిన దారి, గ్రానైట్ రాళ్లు తిరిగే మన వెట్ గ్రైండరు. దాన్ని కోకోకు తగ్గట్టు మార్చి అమ్మేవాళ్లు వచ్చారు. ఇప్పుడు చాలా దేశాల్లో చిన్న తయారీదారుల గదుల్లో తిరుగుతున్నవి ఆ వంశానికి చెందినవే. కోకో పంటలో మనది ప్రపంచంలో చెప్పుకోదగ్గ స్థానం కాదు. సాలీనా 30 వేల టన్నుల లోపు పండించి, మన అవసరానికి మిగతాది దిగుమతి చేసుకుంటాం. అయినా చాక్లెట్ యంత్రం మన దగ్గర నుంచి ఎగుమతి అవుతోందంటే, దానికి కారణం కోకో కాదు, ఇడ్లీ. ఇంటింటికీ పిండి రుబ్బుకోవాల్సిన అవసరం ఉంది కాబట్టి కోయంబత్తూరులో రాయి చెక్కేవాడు, మోటారు చుట్టేవాడు, డ్రమ్ము వంచేవాడు ఒకే ఊరిలో తయారయ్యారు. ఆ ఊరి గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఇక సరుకు సంగతి. ఏలూరు గింజతో చేసిన 70 శాతం కోకో బార్ ఈ దుకాణంలో అన్నిటికన్నా మంచిది. నోట్లో పెట్టగానే ఎండు ద్రాక్ష లాంటి పులుపు, తరువాత చేదు, చివర కాస్త బెల్లం పాకం వాసన తగులుతాయి. వగరు నాలుకకు అంటదు. విరిచినప్పుడు టప్‌మని శబ్దం వస్తుంది, విరిగిన అంచు శుభ్రంగా ఉంటుంది. కేరళలోని ఇడుక్కి గింజల బార్ దీనికంటే మెత్తన, కానీ రుచి నిలవదు. ఘనా గింజతో చేసినది మనకు చిన్నప్పటి నుంచి అలవాటైన చాక్లెట్ రుచికి దగ్గరగా ఉంటుంది. పాల చాక్లెట్ మాత్రం నాకు నచ్చలేదు. పాలపొడి పచ్చివాసన వస్తోంది, రెండుసార్లు కొన్నా అదే తంతు. మిరపకాయ వేసినదాని గురించి రాయకపోవడమే మర్యాద.

70 గ్రాముల ఏలూరు బార్ ధర 340 రూపాయలు. మామయ్య అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో గింజ ఎంతరా?" అన్నారు. లెక్క అక్కడే వేశాం. 70 శాతం అంటే 49 గ్రాముల కోకో; వేయించి పొట్టు తీస్తే నాలుగో వంతు దాకా పోతుంది కనుక, ఎండు గింజ సుమారు 65 గ్రాములు కావాలి. ఆయన చివరిసారి అమ్మిన ధర కిలోకు 500 రూపాయలు. అంటే ఆ బార్‌లో గింజ విలువ 33 రూపాయల లోపే, పదో వంతు కూడా కాదు. ఆయన కోపం తెచ్చుకోలేదు గానీ, "మిగతా మూడొందలు ఎవరు తింటున్నారు?" అన్నారు. దుకాణం లాభం అనుకుంటే సులువైన జవాబే, కానీ అద్దం వెనక చూస్తే అలా అనిపించదు.

ఆ మూడొందల్లో ముందు కరెంటు ఉంది. గ్రైండర్లు 48 గంటలు తిరగాలి, గది ఎప్పుడూ చల్లగా ఉండాలి. కోకో వెన్న గడ్డకట్టేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా మారగలదు. అందులో అయిదో రకం కుదిరితేనే చాక్లెట్ మెరుస్తుంది, టప్‌మని విరుగుతుంది, చేతిలో నిలిచి నోట్లో కరుగుతుంది. దాని కోసం కరిగిన చాక్లెట్‌ను 45 డిగ్రీలు దాటించి, 28 దగ్గరకు చల్లార్చి, మళ్లీ 31, 32 డిగ్రీలకు తేవాలి. ఒకటి రెండు డిగ్రీలు అటు ఇటు అయితే ఆ దఫా మొత్తం మళ్లీ కరిగించుకోవలసిందే. ఆ పని నేర్పుగా చేసే మనిషి జీతం, అచ్చు పెట్టెలు, రంగుల అట్ట అచ్చు వేసే ప్రెస్సు, ఇందిరానగర్ అద్దె, అమ్ముడుపోని సరుకు నష్టం, పన్ను, ఇవన్నీ కలిసి గింజ కంటే తొమ్మిది రెట్లు అవుతాయి. వీటిలో ఏ ఒక్కటీ కోకో తోటలో పండేది కాదు.

నా ఫిర్యాదు కూడా ఈ వేడి దగ్గరే వచ్చింది. గత ఏప్రిల్‌లో ఇంటికి తెప్పించుకున్న నాలుగు బార్లు దారిలో కరిగి మళ్లీ గడ్డకట్టి, పైన బూజులాంటి తెల్లటి పూతతో చేరాయి. తినడానికి హాని లేదని చెప్పి తప్పించుకోబోయారు. హాని లేకపోవడానికి కాదు కదా 340 ఇచ్చింది! మూడు సార్లు ఫోన్ చేశాక రెండు బార్లు మార్చి ఇచ్చారు, మిగతా రెండింటి మాట ఎత్తలేదు. ఇందిరానగర్ నుంచి మా ఇల్లున్న మారతహళ్ళి వరకు కూడా క్షేమంగా చేరని సరుకు ఇది. అదే గింజ ఏలూరు నుంచి గోనె సంచిలో, టార్పాలిన్ కప్పిన లారీలో, మండే ఎండలో వచ్చి చెక్కుచెదరకుండా దిగుతుంది.

నా మట్టుకు అసలు విషయం ఇక్కడే ఉంది. కొన్ని సరుకులు ముడి రూపంలో సులువుగా ప్రయాణిస్తాయి, కొన్ని తయారయ్యాక. ఖనిజం తవ్విన చోట మట్టితో బరువుగా ఉంటుంది, కరిగిస్తే బరువు తగ్గుతుంది కనుక కొలిమి గని పక్కన ఉంటే లాభం. కోకోకు ఇది తిరగబడుతుంది. ఎండిన గింజ నెలల తరబడి ఓడలో నిలుస్తుంది. చాక్లెట్ చేస్తే అందులోకి చక్కెర, పాలు చేరి బరువు పెరుగుతుంది, పైగా చలి కావాలి. అందువల్ల ఫ్యాక్టరీ తినేవాడి పక్కకు, పాల డెయిరీ పక్కకు జరిగిపోతుంది. ముడిచమురు సంగతీ దాదాపు అంతే: ఓడల్లో దూరం పోవడానికి దానికి కష్టం లేదు. ఆఫ్రికాలో పెద్ద చమురు దేశమైన నైజీరియా తన ప్రభుత్వ రిఫైనరీలు మూలనపడి దశాబ్దాల పాటు పెట్రోలును దిగుమతి చేసుకుంది; రోజుకు 6,50,000 పీపాల సామర్థ్యంతో లాగోస్ దగ్గర కట్టిన డాంగోటే రిఫైనరీ 2024లో ఉత్పత్తి మొదలుపెట్టే దాకా ఆ పరిస్థితి పెద్దగా మారలేదు.

కోకోకు పేరున్న పశ్చిమ ఆఫ్రికా దేశం ఘనా కథ చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. టెట్టే క్వార్షీ అనే కమ్మరి ఆఫ్రికా తీరంలోని ఫెర్నాండో పో దీవి నుంచి కోకో గింజలు తెచ్చి ఆ నేల మీద నాటిన సంవత్సరంగా చెప్పుకునేది 1879. చాక్లెట్‌ను గంటల తరబడి కలిపి నున్నగా చేసే పద్ధతిని స్విట్జర్లాండ్‌లో రోడోల్ఫ్ లిండ్ట్ కనిపెట్టింది కూడా 1879లోనే. అంతకు నాలుగేళ్ల ముందే ఆ దేశంలో డేనియల్ పీటర్ పాల చాక్లెట్ చేశాడు. 1828 నాటికే నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ కుటుంబం గింజ నుంచి వెన్న పిండే ప్రెస్సుకు హక్కులు తీసుకుంది. అంటే ఘనాలో మొదటి చెట్టు కాపుకు రాకముందే యూరప్‌లో మరలు, డెయిరీలు, కొనే జనం సిద్ధంగా ఉన్నారు.

ఘనా చేతులు కట్టుకుని కూర్చోలేదు. టెమా రేవులో 1965లో ప్రభుత్వం పెట్టిన కోకో ప్రాసెసింగ్ కంపెనీ 'గోల్డెన్ ట్రీ' పేరుతో చాక్లెట్ చేస్తూనే ఉంది. వేడికి తట్టుకునేలా చేసిన గట్టి చాక్లెట్ అది. కానీ పాలపొడి, చక్కెర ఎక్కువగా బయటి నుంచే రావాలి. కరెంటుకు నమ్మకం లేదు. 2010ల్లో వచ్చిన కోతలకు అక్కడి జనం 'డుమ్సోర్' అని పేరు పెట్టుకున్నారు, ఆరిపోవడం-వెలగడం అని దాని అర్థం. ఇన్వర్టర్ల కాలం దాటి వచ్చిన మనకు ఆ మాట వివరించనక్కర్లేదు. గ్రైండరు నడిమధ్యలో ఆగి, చాక్లెట్ గడ్డకట్టితే ఏమవుతుందో ఈ దుకాణంలో అడిగాను; రాళ్లు విడదీసి వేడిగాలితో గోకాలట, ఒక పూట పోతుందట.

ఘనాలోనే ఇంకో వింత ఉంది. వోల్టా నది మీద అకోసోంబో ఆనకట్ట కట్టినప్పుడు ఆ కరెంటులో పెద్ద వాటా టెమాలోని అల్యూమినియం కర్మాగారానికి ఇచ్చారు. ఘనాలో బాక్సైట్ గనులున్నాయి. అయినా ఆ బాక్సైట్ ముడిగానే ఎగుమతి అవుతూ ఉండగా, కర్మాగారానికి కావలసిన అల్యూమినాను ఓడల్లో దిగుమతి చేసుకున్నారు. బాక్సైట్‌ను అల్యూమినాగా మార్చే మధ్య మెట్టు దేశంలో లేదు. ఒక మెట్టు లేకపోతే, గని ఉన్నా కర్మాగారం ఉన్నా రెండూ ఒకదాన్నొకటి చూడకుండానే బతుకుతాయి.

ధనిక దేశాల సుంకాలే దీనికంతటికీ కారణమని చాలామంది రాస్తుంటారు. గింజకు సుంకం లేకుండా, తయారైన సరుకుకు సుంకం వేసే పద్ధతి ఒకప్పుడు బలంగా ఉండేది, నష్టమూ చేసింది. కానీ ఘనాకు, దాని పొరుగు దేశం ఐవరీ కోస్ట్‌కు యూరప్‌తో ఉన్న మధ్యంతర వాణిజ్య ఒప్పందాలు 2016 నుంచి అమలవుతున్నాయి. వాటి కింద కోకో సరుకులకు అక్కడ సుంకం లేదు. అయినా చాక్లెట్ అక్కడి నుంచి వెల్లువెత్తలేదు. ఐవరీ కోస్ట్ ఇప్పుడు గింజలు మర పట్టడంలో నెదర్లాండ్స్‌తో పోటీ పడుతోంది, నిజమే. అయితే బయటికి పోయేది ఎక్కువగా కోకో ముద్ద, వెన్న, పొడి. బార్ చేయడం, పేరు నిలబెట్టడం, దుకాణం అరలో చోటు సంపాదించడం యూరప్‌లోనే జరుగుతున్నాయి.

డబ్బు కట్టడి దీనికి తోడైంది. ఘనా కోకో బోర్డు 1990ల నుంచి మూడు దశాబ్దాల పాటు ఏటా విదేశీ బ్యాంకుల అప్పుతో పంట కొన్నది. ఆ అప్పుకు హామీ, ముందుగానే విదేశాలకు అమ్మేసిన గింజలు. కాయ కోయకముందే గింజ ఎవరిదో ఖాయమైపోతే ఊరి మరకు మిగిలేది ఎంత? మా వైపు మిర్చికి, పొగాకుకు వ్యాపారి ముందే పెట్టుబడి ఇచ్చి పంట పట్టుకుపోవడం తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

ముడిసరుకు బాగా అమ్ముడుపోవడం కూడా ఒక చిక్కే. బయటి డబ్బు కుప్పలుగా వస్తే దేశపు కరెన్సీ బలపడి, దిగుమతి సరుకు చౌకై, స్థానిక ఫ్యాక్టరీ సరుకు ఖరీదవుతుంది. గ్రోనింగన్‌లో 1959లో సహజవాయువు బయటపడ్డాక నెదర్లాండ్స్ ఫ్యాక్టరీలు దెబ్బతిన్న తీరు చూసి దీనికి 'డచ్చి జబ్బు' అని పేరు పెట్టారు. ఒక్క కోకో చెట్టు లేకుండా ప్రపంచ కోకో వ్యాపారానికి రేవుగా మారిన దేశం కూడా అదే. జబ్బు వచ్చినా ఆమ్‌స్టర్‌డామ్ మరలు ఆగలేదు.

మామయ్య మరో మాట అడిగారు: గింజను బయటికి పోనివ్వకుండా ఆపేస్తే? ఇండోనేషియా 2020లో నికెల్ ఖనిజం ఎగుమతి ఆపింది; ఎక్కువగా చైనా పెట్టుబడితో కొలిమిలు అక్కడికే వచ్చాయి. ఖనిజం బరువు సరుకు కనుక, ప్రపంచ నికెల్‌లో ఇండోనేషియా వాటా పెద్దది కనుక సాగింది. కోకో రైతు దగ్గర ఆ పట్టు లేదు. పశ్చిమ ఆఫ్రికాలో తెగులు, వాతావరణం కలిసి పంట దెబ్బతిన్న 2024లో టన్ను ధర 10,000 డాలర్లు దాటింది, మా ఊళ్లలో కిలో వెయ్యి రూపాయల దాకా పలికింది, తరువాత దిగిపోయింది. ఈ ఊగిసలాటను నమ్మి ఫ్యాక్టరీ పెట్టేవాడు అరుదు.

దారి లేదని కాదు. కర్ణాటకలోనే మంగళూరులో పోక, కోకో రైతుల సహకార సంస్థ క్యాంప్కో ఉంది. 1980 ప్రాంతంలో ధర పడిపోయి కొనేవాళ్లు లేకుండాపోయినప్పుడు రైతుల గింజలు అది కొన్నది, 1986లో పుత్తూరులో సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టింది. అది నిలబడిందంటే చక్కెర, పాలపొడి, అట్టపెట్టె, కొనే పిల్లలు అన్నీ ఈ దేశంలోనే ఉండబట్టే. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో వచ్చిన పెద్ద చాక్లెట్ ఫ్యాక్టరీ కూడా మా ఏలూరు తోటలను మాత్రమే చూసి రాలేదు. చెన్నై రేవు, హైవే, దక్షిణాది మార్కెట్ పక్కనే ఉన్నాయి.

ఇందిరానగర్ దుకాణం కూడా అంతే. ఏలూరు బార్ కోసం తప్పక వెళ్లండి. సాయంత్రం నాలుగు లోపు వెళ్తే గ్రైండర్లు చూపించి ఓపికగా చెబుతారు, తెలుగులోనే. పాల చాక్లెట్ వదిలేయండి. కారు పెట్టే చోటు లేదు, మెట్రో దిగి నడవడం మేలు. మార్చి నుంచి మే వరకు ఇంటికి తెప్పించుకోవద్దు, స్వయంగా వెళ్లి తెచ్చుకోండి. అట్ట మీద ఊరి పేరు వేసినవాళ్లు గింజకు రైతుకు ఎంత ఇచ్చారో కూడా వేస్తే బాగుంటుందని చెప్పాను. యజమాని నవ్వి ఊరుకున్నారు.

మామయ్య మనవళ్ల కోసం రెండు బార్లు కొన్నారు. ఐస్ ప్యాక్‌కు 60 రూపాయలు అదనంగా తీసుకుని, పది గంటల దాకా కాస్తుందని చెప్పారు. శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ప్రయాణం అంతకంటే ఎక్కువ. మర్నాడు ఉదయం ఏలూరు స్టేషన్లో దిగి ఫోన్ చేశారు: పెట్టె తెరిచి చూస్తే రెండూ ఒకే ముద్ద అయ్యాయట, అట్ట మీది ఏలూరు పేరు మాత్రం బాగానే కనిపిస్తోందట.